పాత పింగాణీ, రంగుల పళ్ళాలు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

పాత పింగాణీ పళ్ళాలు, గిన్నెలు, జాడీలు సేకరించే అభిరుచి గురించి నెల్లూరు, ప్రకాశం జిల్లాల పాఠకులు పంపిన ప్రశ్నల్లో కొన్నింటికి ఈసారి జవాబులు ఇస్తున్నాం. ఒకే సంగతిని నలుగురైదుగురు అడిగినచోట ఒక ఉత్తరాన్నే తీసుకున్నాం. ‘నా దగ్గరున్న పళ్ళెం ఎంత పలుకుతుంది?’ అని ఫొటోలు పంపినవారికి మాత్రం జవాబు ఇవ్వడం లేదు. వస్తువును చేతిలోకి తీసుకుని, తిరగేసి, అడుగు తడిమి చూడకుండా ధర చెప్పడం సరికాదని మా అభిప్రాయం.

ప్రశ్న: మా తాతగారు రంగూన్‌లో బియ్యం మిల్లులో పనిచేసి, యుద్ధానికి ముందే ఊరికి తిరిగి వచ్చేశారు. పాత ఇల్లు పడగొట్టేటప్పుడు అటక మీద ఒక చెక్కపెట్టెలో రంగురంగుల పూల గిన్నెలు, పళ్ళాలు బయటపడ్డాయి. కొన్నింటి అడుగున మనిషి తల, సింహం ఒళ్ళు ఉన్న బొమ్మ, ‘మాస్ట్రిఖ్ట్’ అనే పేరు ఉన్నాయి. కొన్నింటి మీద ‘జపాన్’ అని ఉంది. కొన్నింటికి ఏ గుర్తూ లేదు. ఇవి ఎంత పాతవో తెలుసుకునే మార్గం చెప్పగలరు.
— కావలి నుంచి ఒక పాఠకురాలు

జవాబు: మీ తాతగారి రంగూన్ కథకు, ఆ గిన్నెల మీది గుర్తుకు పొంతన చక్కగా కుదురుతోంది. మాస్ట్రిఖ్ట్ నెదర్లాండ్స్‌లోని ఒక ఊరు. అక్కడ పెట్రస్ రెగూ అనే వ్యాపారి 19వ శతాబ్దంలో నెలకొల్పిన పింగాణీ కర్మాగారం, ఈజిప్టు విగ్రహాల్లో కనిపించే స్ఫింక్స్ బొమ్మను తన గుర్తుగా వాడుకుంది. అదే ఊళ్ళో సొసియెతే సెరామిక్ అనే మరొక సంస్థ దానికి పోటీగా ఉండేది. 1958లో ఆ రెండూ ఒకటయ్యాయి. ఈ కర్మాగారాలు ఆగ్నేయాసియా బజార్ల కోసం ముదురు రంగుల పూల గిన్నెలను పెద్ద ఎత్తున తయారుచేసి ఓడల్లో పంపేవి కాబట్టి, రంగూన్‌లో సంపాదించుకుని వచ్చిన మనవాళ్ళ పెట్టెల్లో అవి కనిపించడం వింత కాదు.

ఒక గిన్నెను పగటి వెలుతురులో పెట్టుకుని పూలవరసను నిదానంగా చూడండి. స్పాంజిని పువ్వు ఆకారంలో కోసి, రంగులో ముంచి, గిన్నె చుట్టూ అద్దుకుంటూ పోయిన పని అయితే ప్రతి పువ్వులోనూ రంగు ఒకచోట చిక్కగా, మరొకచోట పలచగా ఉంటుంది. స్పాంజి రంధ్రాలు సన్నని చుక్కలుగా కనిపిస్తాయి. చుట్టు పూర్తయ్యే దగ్గర చోటు చాలక చివరి పువ్వు మొదటి పువ్వు మీదికి కొంచెం ఎక్కి ఉంటుంది. గిన్నె లోపల అడుగుభాగంలో త్రికోణంగా మూడు చిన్న మచ్చలు చేతికి గరుకుగా తగిలితే, బట్టీలో ఒకదానిమీద ఒకటి పేర్చినప్పుడు మధ్యలో పెట్టిన ముక్కాలి పీట గుర్తులవి. ఇటువంటివి లోపాలని భావించి బాధపడనక్కరలేదు. అచ్చు కాగితం అతికించి చేసిన కొత్త సరుకులో పూలన్నీ ఒకే తీరుగా, చుక్క తేడా లేకుండా ఉంటాయి. పాత పనిలోని ఆ వంకరే దానికి అందం.

ఇక గుర్తుల సంగతి. అమెరికా 1890లో చేసిన మెకిన్లీ సుంకాల చట్టం ప్రకారం, ఆ దేశానికి వెళ్ళే సరుకు మీద తయారైన దేశం పేరు ఇంగ్లీషులో ఉండాలి. అందువల్ల ఆ తర్వాతి జపాన్ పింగాణీ మీద ‘నిప్పాన్’ అని, 1921 నుంచి ‘జపాన్’ అని కనిపిస్తుంది. రెండవ ప్రపంచ యుద్ధం ముగిశాక 1952 వరకు ఆ దేశం మిత్రరాజ్యాల సైనిక ఆధీనంలో ఉన్న రోజుల్లో ఎగుమతైన సరుకులో కొంత ‘ఆక్యుపైడ్ జపాన్’ అనే ముద్రతో వచ్చింది. మీ తాతగారు యుద్ధానికి ముందే వచ్చేశారు కాబట్టి ఆ ముద్ర ఉన్న వస్తువు ఏదైనా పెట్టెలో ఉంటే, అది తర్వాత ఎవరో చేర్చినదని గ్రహించండి. ఇంగ్లండు వస్తువుల మీద 1842 నుంచి 1883 వరకు వజ్రం ఆకారపు నమోదు ముద్ర, 1884 నుంచి వరస నంబరు ఉంటాయి. ఈ తేదీలు నమూనా నమోదైన కాలాన్ని చెబుతాయే తప్ప మీ చేతిలో ఉన్న పళ్ళెం కాలిన సంవత్సరాన్ని చెప్పవు. ఒకే నమూనా ఏళ్ళ తరబడి తయారై ఉండవచ్చు.

గుర్తు లేని వాటిని చిన్నచూపు చూడవద్దు. చాలా కర్మాగారాలు సెట్టులో ప్రతి పాత్ర మీదా ముద్ర వేసేవి కావు. గుర్తు ఉన్న గిన్నె పక్కన గుర్తు లేని గిన్నెను బోర్లించి, నేలకు ఆనే అంచు మందం, మట్టి రంగు, పూత ఆగిన గీత పోల్చి చూడండి; రెండూ ఒక ఇంటివో కావో తేలిపోతుంది. పెట్టెను, అందులో సర్దిన గడ్డిని, పాత కాగితాలను పారవేయకండి. ఏ పెట్టెలో ఏముందో రాసి పెట్టుకోండి. ఇంట్లో పెద్దవాళ్ళు ఉంటే వాళ్ళు చెప్పే వివరాలు కూడా అక్కడే రాయండి.

ప్రశ్న: మా అత్తగారింటి నుంచి నారింజ, పసుపు, ఆకుపచ్చ రంగుల పాత పళ్ళాలు, లోతు గిన్నెలు నాకు వచ్చాయి. పండగలప్పుడు వాటిలోనే వడ్డించాలని నా కోరిక. పాత పింగాణీలో సీసం ఉంటుందని మా అబ్బాయి అడ్డుపడుతున్నాడు. కనీసం మన చేపల పులుసుకైనా ఆ లోతు గిన్నెలు వాడుకోవచ్చా?
— నెల్లూరు నుంచి ఒక గృహిణి

జవాబు: అన్నిటికంటె చేపల పులుసుకే వాడకూడదు. మీ అబ్బాయి మాట వినండి.

పింగాణీ మీద నిగనిగలాడే పూత నిజానికి సన్నని గాజు పొర. గాజుకు మూలమైన సిలికా దానంతట అది కరగాలంటే 1,700 డిగ్రీల సెల్సియస్‌కు పైగా వేడి కావాలి. అంత వేడి ఏ గిన్నెల బట్టీలోనూ పెట్టరు కాబట్టి తక్కువ వేడికే కరిగించే పదార్థాన్ని కలుపుతారు. శతాబ్దాలపాటు ఆ పనికి సీసం వాడారు. సీసం కలిసిన పూత సాఫీగా పరుచుకుంటుంది, రంగులు నిండుగా పలుకుతాయి, మెరుపు ఎక్కువ. పాత రంగుల పళ్ళాలు మనల్ని ఆకర్షించడానికి ఒక కారణం కూడా అదే. పూత సరిపాళ్ళలో కలిసి, తగినంత వేడికి కాలి ఉంటే సీసం ఆ గాజులో చాలావరకు బందీగా ఉంటుంది. పాళ్ళు తప్పినా, సరిగా కాలకపోయినా, ఏళ్ళ వాడకంలో పూత అరిగినా, పూత పైన మళ్ళీ రంగుతో బొమ్మలు వేసి తక్కువ వేడికి కాల్చి ఉన్నా, పులుపు తగలగానే సీసం ఊరి ఆహారంలోకి వస్తుంది. పులుపు, వేడి, నిలవ ఉండే సమయం అనే మూడూ కలిస్తే ఊరడం ఎక్కువవుతుంది.

పింగాణీ పాత్రల నుంచి సీసం ఎంత ఊరుతుందో ప్రయోగశాలల్లో పరీక్షించే పద్ధతి ఇలా ఉంటుంది: పాత్రలో 4 శాతం అసిటిక్ ఆమ్లం పోసి, గది వేడిమిలో 24 గంటలు ఉంచి, ఆ ద్రవంలోకి ఎంత సీసం వచ్చిందో కొలుస్తారు. చింతపండు పులుసు, మామిడికాయ ముక్కలు వేసిన చేపల పులుసును వేడిగా ఆ గిన్నెలో పోసి, మర్నాటికి రుచి బాగుంటుందని రాత్రంతా ఉంచడమంటే ఆ పరీక్షను వంటింట్లో చేసి, ఆ ద్రవాన్ని అన్నంలో కలుపుకున్నట్టే. నెల్లూరు పులుసుకు మట్టి దాక ఉంది, స్టీలు గిన్నె ఉంది. దాని కోసం అత్తగారి పింగాణీని, ఇంటిల్లిపాది ఆరోగ్యాన్ని పణంగా పెట్టనక్కరలేదు.

సీసం ఒక్కరోజులో పడగొట్టే విషం కాదు. ఎముకల్లో పేరుకుపోతుంది; చిన్నపిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది; గర్భిణులకు, కడుపులోని బిడ్డకు హాని చేస్తుంది. ఇంత వరకు ఫరవాలేదని చెప్పగల మోతాదు ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పళ్ళెం చూసి, వాసన చూసి, నాలుకతో రుచి చూసి సీసం ఉందో లేదో చెప్పగలమనే మాటలు నమ్మకండి. పుల్లతో రుద్ది రంగు మారితే సీసం ఉన్నట్టు చెప్పే చిన్న పరీక్ష సామగ్రి దొరుకుతుంది గానీ, రంగు మారకపోయినంత మాత్రాన సీసం లేదని తేల్చలేం. ఎక్స్‌రే యంత్రంతో చేసే పరీక్ష పూతలో సీసం ఉందా లేదా అన్నది చెబుతుంది. ఎంత ఊరుతుందన్నది చెప్పదు.

పప్పన్నం మాటేమిటని మీకు సందేహం రావచ్చు. పప్పులో మనం చింతపండు వేస్తాం, టమాటా వేస్తాం, పక్కన నిమ్మకాయ ఊరగాయ పెడతాం. మన భోజనంలో పులుపు లేని వంటకాన్ని వెతుక్కోవలసిందే. అందుచేత ఆ పళ్ళాలను అద్దాల బీరువాలో అలంకరించండి. తాంబూలానికి, తొక్క తీయని పండ్లకు, పేరంటంలో పసుపుకొమ్ములకు, పూలకు వాడుకోండి. వడ్డనకు అరిటాకు ఉండనే ఉంది.

ప్రశ్న: అమెరికాలో ఉంటున్న మా అమ్మాయి అక్కడి పాత సామాన్ల దుకాణంలో కొన్న ‘ఫియస్టా’ పళ్ళాలు నాలుగు రంగుల్లో తెచ్చింది. వాటిలో ఒకటి ముదురు నారింజ రంగు. ఆ రంగు పళ్ళెంలో యురేనియం ఉంటుందని బంధువొకరు చెప్పగా, మా ఇంట్లోవాళ్ళు దాన్ని పెరట్లో పెట్టారు. ఇది నిజమేనా? నిజమైతే పారవేయాలా?
— ఒంగోలు నుంచి ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు

జవాబు: నిజం కావచ్చు, కాకపోవచ్చు, అది ఆ పళ్ళెం ఏ కాలానిదన్న దానిమీద ఆధారపడి ఉంటుంది. పారవేయవలసిన అవసరం మాత్రం లేదు.

అమెరికాలోని వెస్ట్ వర్జీనియా రాష్ట్రంలో, న్యూవెల్ అనే ఊళ్ళో ఉన్న హోమర్ లాఫ్లిన్ చైనా కంపెనీ 1936లో ఈ సరుకును విడుదల చేసింది. రూపకల్పన చేసినవారు ఫ్రెడరిక్ హర్టెన్ రీడ్. ఆయన ఇంగ్లండులో పింగాణీకి పేరుపొందిన స్టోక్ ఆన్ ట్రెంట్ ప్రాంతంలో పుట్టి, కుటుంబవృత్తి అయిన కుమ్మరం నేర్చుకుని అమెరికా చేరుకున్నారు. పూలు, లతలు, బంగారు అంచులు ఏవీ లేకుండా, అంచు నుంచి లోపలికి ఒకదానిలో ఒకటి ఒదిగిన వలయాలు, నిండు రంగు, అంతే. మొదట ఎరుపు, నీలం, ఆకుపచ్చ, పసుపు, దంతపు రంగు అనే ఐదింటితో మొదలై, కొద్దికాలానికే టర్కాయిజ్ అనే ఆకుపచ్చ కలిసిన నీలం వచ్చి చేరింది. అప్పటి అలవాటు ప్రకారం ఒకే బొమ్మ ఉన్న సెట్టు మొత్తం కొనవలసిన పని లేకుండా, నచ్చిన రంగులో ఒక్కొక్క పళ్ళెం విడిగా కొనుక్కునే వీలు కల్పించారు. ఆర్థిక మాంద్యం రోజుల్లో ఆ వెసులుబాటు ఇళ్ళవారికి నచ్చింది. ఫియస్టాను సేకరించేవాళ్ళు నేటికీ సెట్టు పూర్తిచేయాలని చూడరు. రంగుల వరస పూర్తిచేయాలని చూస్తారు. 1959 తర్వాత పదేళ్ళ పాటే తయారైన ‘మీడియం గ్రీన్’ అనే ఆకుపచ్చ కోసం వాళ్ళు పడే పోటీ వేరే కథ.

ఇక మీ నారింజ పళ్ళెం. కంపెనీ దాన్ని ఎరుపు అని పిలిచినా మన కంటికి అది నారింజే. ఆ రంగు కోసం పూతలో యురేనియం ఆక్సైడు కలిపేవారు. అణుబాంబు తయారీ కోసం ప్రభుత్వం యురేనియాన్ని తన అదుపులోకి తీసుకోవడంతో 1943 నాటికి ఆ రంగు ఆగిపోయింది. 1959లో తిరిగి మొదలైనప్పుడు, అణుశక్తికి పనికివచ్చే భాగం చాలావరకు తీసేసిన యురేనియం వాడారు. 1972లో ఆ రంగు, మరుసటి సంవత్సరం ఫియస్టా మొత్తం నిలిచిపోయాయి. 1986లో, యాభై ఏళ్ళ సందర్భంగా, సీసం లేని పూతతో, నీరు పీల్చని గట్టి మట్టితో కొత్త ఫియస్టా వచ్చింది. అది ఇప్పటికీ తయారవుతోంది. కొత్తవాటిలోనూ ఎరుపు, నారింజ ఛాయలు ఉన్నాయి. వాటిలో యురేనియం ఉండదు.

కాబట్టి ముందుగా పళ్ళేన్ని తిరగేయండి. పాతవాటిలో సాధారణంగా నేలకు ఆనే అంచు మీద కూడా పూత ఉంటుంది. బట్టీలో ఆనించిన మూడు మేకుల మచ్చలు వెనకవైపు కనిపిస్తాయి. కొత్తవాటిలో నేలకు ఆనే అంచు మీది పూతను తుడిచేస్తారు కాబట్టి అక్కడ తెల్లని మట్టి గరుకుగా తగులుతుంది. ‘లెడ్ ఫ్రీ’ అని రాసి ఉంటే మరి సందేహం లేదు, అది కొత్తది. మీ అమ్మాయి పాత సామాన్ల దుకాణంలో కొన్నంత మాత్రాన అది పాతదే అయి ఉండాలని లేదు. అటువంటి దుకాణాలకు నిన్నటి సరుకు కూడా వస్తుంది.

ఒకవేళ పాతదే అయితే, అది వెలువరించే రేడియోధార్మికత బీరువాలో ఉంచి చూసుకునేవారికి ఆందోళన కలిగించేటంతటిది కాదు. తినడానికి వాడితేనే చిక్కు. యురేనియం పూత ఉన్న పాత పాత్రల్లో ఆహారం, పానీయం పెట్టుకోవద్దని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ సలహా ఇస్తోంది. పులుపు తగిలితే యురేనియంతోపాటు సీసం కూడా ఊరుతుంది. అంచు పెచ్చు లేచిన పళ్ళెమైతే పొడి రాలకుండా, పిల్లల చేతికి అందకుండా పెట్టండి. పెరట్లో వర్షానికి, కోళ్ళకు వదిలేయడం కంటె హాల్లో గోడ బీరువా దానికి మేలు. మీ ఇంటివారికి ఈ తేదీలు చదివి వినిపించండి, భయం తగ్గుతుంది.

ప్రశ్న: మాది శాకాహార కుటుంబం. పాత ‘బోన్ చైనా’ కప్పులు కొన్నాను. పేరులోనే ఎముక ఉందని మా నాన్నమ్మ ఇంట్లోకి రానివ్వడం లేదు. నిజంగా ఎముక కలుపుతారా?
— చీమకుర్తి నుంచి ఒక విద్యార్థిని

జవాబు: కలుపుతారు. పశువుల ఎముకలను బూడిద చేసి, తెల్లమట్టి, రాతిపొడితో కలిపి చేసేదే బోన్ చైనా. ఇంగ్లండులో 18వ శతాబ్దం చివర జొసయ్యా స్పోడ్ స్థిరపరిచిన పాళ్ళలో దాదాపు సగం ఎముకల బూడిదే ఉంటుంది. మీ నాన్నమ్మగారి అభ్యంతరానికి ఆధారం ఉంది. తెల్లమట్టితో చేసే సన్నని పింగాణీ అయిన మామూలు పోర్సలిన్‌లో, జాడీల వంటి గట్టి స్టోన్‌వేర్‌లో, ఎర్ర మట్టితో చేసిన రంగుపూత పాత్రల్లో ఎముక ఉండదు. దీపానికి ఎదురుగా పట్టుకుని వెనక వేళ్ళు ఆడిస్తే నీడ కనిపించేది బోన్ చైనా అని కొందరు చెబుతారు గానీ పలుచని పోర్సలిన్‌లోనూ ఆ నీడ కనిపిస్తుంది. అడుగున రాసిన పేరు చూసి కొనడమే మీకు సులభం.

ప్రశ్న: మా అమ్మమ్మ ఆవకాయ పెట్టిన పాత జాడీలు, పైన గోధుమరంగు, కింద తెలుపు ఉన్నవి, కడిగి వరండాలో అలంకారానికి పెట్టాను. కొన్నాళ్ళకు వాటి మీద తెల్లని నూగు పుడుతోంది, తుడిస్తే పోయి మళ్ళీ వస్తోంది. ఒక జాడీకి పూత పొలుసులుగా లేస్తోంది. సముద్రపు గాలి వల్ల ఇలా జరుగుతోందా?
— సింగరాయకొండ నుంచి ఒక పాఠకుడు

జవాబు: గాలిని అనుమానించే ముందు జాడీనే అనుమానించండి. ఆ నూగు ఉప్పు, అది జాడీ లోపలిదే. ఏళ్ళ తరబడి ఊరగాయలోని ఉప్పునీరు పూతలోని సన్నని పగుళ్ళ గుండా మట్టిలోకి ఇంకి ఉంటుంది. బాగా కాలిన స్టోన్‌వేర్ మట్టి గాజులాగా బిగిసిపోయి నీరు పీల్చదు. కాస్త తక్కువ కాలినదో, నెర్రె విచ్చినదో అయితేనే పీలుస్తుంది. వానల్లో గాలి తేమకు లోపలి ఉప్పు కరుగుతుంది, ఎండకు మళ్ళీ స్ఫటికమవుతుంది. స్ఫటికమయ్యేటప్పుడు దానికి చోటు కావాలి కనుక పైనున్న పూతను నెట్టేస్తుంది. వరండాలోని ఎండా వానా ఈ రాకపోకలను పెంచుతున్నాయి. సముద్రపు గాలి తేమ దానికి తోడు మాత్రమే.

పూత గట్టిగా ఉన్న జాడీలను ఉప్పు లేని మంచినీటిలో పూర్తిగా మునిగేటట్టు నానబెట్టండి. మన తీరంలో చాలాచోట్ల బోరు నీరు ఉప్పన కాబట్టి వాననీరో, ఫిల్టరు నీరో వాడండి. రోజుకొకసారి నీరు మార్చండి. ఆ నీటిలో కొద్దిగా ఒక నల్లని పళ్ళెంలో ఆరబెట్టి చూస్తే తెల్లని మరక మిగలనంతవరకు మారుస్తూనే ఉండాలి. పెద్ద జాడీకి కొన్ని వారాలు పట్టవచ్చు. తర్వాత ఎండలో పెట్టకుండా నీడలో, మూత లేకుండా, నిదానంగా ఆరనివ్వండి. పొలుసులు లేస్తున్న జాడీని మాత్రం నానబెట్టకండి, పూత ఊడి నీటిలోకి వచ్చేస్తుంది. దాన్ని తడి తగలని గదిలో, మళ్ళీ మళ్ళీ కదపకుండా ఉంచండి. ఇవేవీ తిరిగి ఊరగాయకు పనికిరావు.

ప్రశ్న: మా ప్రాంతంలో పలుగురాయి, ఫెల్డ్‌స్పార్ గనులు ఉన్నాయి, సిరామిక్ డిప్లొమా చెప్పే ప్రభుత్వ సంస్థ కూడా మా ఊళ్ళోనే ఉంది. అయినా సేకరించేవాళ్ళందరూ ఇంగ్లండు, జపాన్ సరుకు గురించే మాట్లాడుతున్నారు. మన దేశపు పాత పింగాణీకి విలువ లేదా?
— గూడూరు నుంచి ఒక పాఠకుడు

జవాబు: ఉంది, ఇంకా పెరుగుతుందని మా నమ్మకం. గూడూరు, సైదాపురం, రాపూరు వైపు అభ్రకం దొరికే రాతి పొరల్లోనే ఫెల్డ్‌స్పార్, పలుగురాయి కలిసి ఉంటాయి. పింగాణీలో ఫెల్డ్‌స్పార్ తక్కువ వేడికి కరిగి మిగతా రేణువులను అతికిస్తుంది, పలుగురాయి పొడి పాత్రకు గట్టిదనం ఇస్తుంది. ఎక్కడో కాలిన పళ్ళెంలో ఇక్కడి రాయి కలిసి ఉండవచ్చునన్న ఆలోచన సేకరించేవారికి ఇష్టంగానే ఉంటుంది. రాయి ఒక్కటీ ఉంటే చాలదు, తెల్లగా కాలే మట్టి, ఇంధనం, చేయి తిరిగిన రంగుల పనివాళ్ళు, సరుకు కొనే పెద్ద పట్నం అన్నీ దగ్గరలో ఉన్న చోటే భోజనపాత్రల కర్మాగారాలు నిలిచాయి.

కలకత్తాలోని బెంగాల్ పాటరీస్, గ్వాలియర్ పాటరీస్ ముద్రలున్న కప్పులు, సాసర్లు, పళ్ళాలు మీకు పాత హోటళ్ళు మూసేసినప్పుడు, రైల్వే ఉద్యోగుల ఇళ్ళు ఖాళీ చేసినప్పుడు కనిపించవచ్చు. ఉత్తరప్రదేశ్‌లోని ఖుర్జా నుంచి వచ్చిన నీలం, ఆకుపచ్చ పూల పాత్రలకు భౌగోళిక గుర్తింపు ఉంది. జైపూర్ నీలి పింగాణీ వేరే జాతి; దాన్ని మట్టితో కాకుండా పలుగురాయి పొడి, గాజుపొడితో చేస్తారు, అది చూడటానికే గాని తినడానికి కాదు. ఇంగ్లండు పళ్ళెం ఒకటి కొనే డబ్బుతో ఇవి పది వస్తాయి. వాటిని పట్టించుకున్నవాళ్ళు తక్కువ కాబట్టి వివరాలు రాసిపెట్టే పని మీకే దక్కుతుంది. మీ ఊరి సిరామిక్ సంస్థలో చదువుకున్న పెద్దలను కలిసి, ఏ పూతకు ఏ రాయి ఎక్కడి నుంచి వెళ్ళేదో అడగండి. ఆ జ్ఞాపకాలు ఏ ముద్ర మీదా ఉండవు.

ప్రశ్న: పాత పళ్ళాల మీది టీ మరకలు, నల్లని గీతలు, వెంట్రుక లాంటి పగుళ్ళు పోగొట్టే ఉపాయం చెప్పండి. ఎలా సర్దాలో కూడా తెలియజేయగలరు.
— బుచ్చిరెడ్డిపాళెం నుంచి ఒక పాఠకురాలు

జవాబు: పగుళ్ళు పోవు. మట్టి ఒక తీరుగా, పూత మరొక తీరుగా వ్యాకోచించడం వల్ల పూత సాలెగూడులా విచ్చుకుంటుంది, దాన్ని అతికించే మందు లేదు. పగులు మట్టి దాకా వెళ్ళిందో లేదో తెలుసుకోవడానికి, కుండ కొనేటప్పుడు కొట్టి చూసినట్టే, పళ్ళేన్ని వేళ్ళ కొసల మీద నిలిపి గోటితో మీటండి; ఖంగుమంటే మట్టి బాగుంది, మొద్దుగా పలికితే లోపల చీలిక ఉంది.

బూడిద, ఇటుకపొడి, కొబ్బరిపీచు, స్టీలు పీచు దగ్గరికి రానివ్వకండి. అవి పూతను గీసేస్తాయి, బంగారు అంచును ఒక్కరోజులో ఊడ్చేస్తాయి. చింతపండుతో తోమడం ఇత్తడికి మంచిదే గాని సీసం పూతకు చెడుపు. గోరువెచ్చని నీటిలో పలుచని సబ్బు, మెత్తని గుడ్డ చాలు. టీ మరక మొండిదైతే తినే సోడాను తడిపి, అలంకారం లేని చోట వేలితో మెల్లగా రుద్దండి. బ్లీచింగు ద్రవం పగుళ్ళలోకి దిగి లోపలే ఉండిపోతుంది కాబట్టి వాడవద్దు. నల్లని గీతల్లో చాలావరకు పూత మీది గాట్లు కావు, స్టీలు చెంచా రాసుకుని అంటిన లోహం. ఉదయగిరి కొయ్య చెంచాలు వాడే ఇళ్ళల్లో ఇటువంటి గీతలు కనిపించవు.

పళ్ళానికీ పళ్ళానికీ మధ్య పాత నూలు చీర ముక్క వేయండి. వార్తాపత్రిక సిరా అంటుకుంటుంది. ఎత్తుగా దొంతర్లు పెట్టకండి. కప్పులను చెవికి కొక్కెం తగిలించి వేలాడదీస్తే, పాతవాటికి బరువు మోసే చోటే విరుగుతుంది. అతికించిన పళ్ళెంలో అన్నం తినకూడదు. తుఫాను హెచ్చరిక వచ్చిన రోజున గోడకు తగిలించినవాటిని దించి, కింది అరలో పరచి పెట్టుకోండి.

ప్రశ్న: మా నాయనమ్మగారి పింగాణీ సెట్టును అమెరికాలోని మా అన్నయ్యకు పంపాలనుకుంటున్నాం. సెట్టు వందేళ్ళకు పైబడినదని అంటారు. ఇందులో చట్టపరమైన ఇబ్బంది ఏమైనా ఉందా?
— కందుకూరు నుంచి ఒక పాఠకుడు

జవాబు: ఉంది. పురావస్తువులు, కళాఖండాల చట్టం 1972 ప్రకారం నూరేళ్ళు నిండిన కళాత్మకమైన, చేతిపనికి చెందిన వస్తువులు పురావస్తువుల కిందికి వస్తాయి. అటువంటివాటిని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించడం నిషిద్ధం. ‘మా ఇంటి వస్తువే కదా’ అన్న సమాధానం కస్టమ్స్ దగ్గర చెల్లదు. సెట్టు నిజంగా ఎంత పాతదో ముందు తేల్చుకోండి. మనవాళ్ళు వందేళ్ళన్నది చాలాసార్లు అరవై, డెబ్బై ఏళ్ళదే అయి ఉంటుంది; పైన కావలి పాఠకురాలికి చెప్పిన ముద్రల వివరాలు మీకూ పనికివస్తాయి. నూరేళ్ళ లోపుదని అనిపిస్తే, భారత పురావస్తు శాఖ నిపుణుల కమిటీకి ఫొటోలతో దరఖాస్తు చేసి, అది పురావస్తువు కాదన్న ధ్రువపత్రం తీసుకుని, ఆ పత్రాన్ని పార్సిల్‌తో జతచేసి పంపండి. నూరేళ్ళు దాటినదని తేలితే సెట్టు కందుకూరులోనే ఉంటుంది. మీ అన్నయ్యగారు సెలవులకు వచ్చినప్పుడు చూసుకుంటారు.